నాన్నగారి గడ్డం బ్రష్షు

నాన్నగారు పోయి ఈ మాఘానికి నాలుగేళ్ళు. ఆయన సామాన్లలో అమ్మ ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నది ఒక చిన్న స్టీలు గిన్నె, అందులో ఒక గడ్డం బ్రష్షు. చెక్క పిడి మీద ఎర్రరంగు చాలావరకు ఊడిపోయింది. వెంట్రుకలు అటు పసుపూ కాదు, ఇటు గోధుమరంగూ కాదు. చెన్నైలో పెరంబూరు రైల్వే క్వార్టర్సులో ఉన్న రోజుల నుంచి ఆ బ్రష్షు నాకు తెలుసు. పొద్దున్న ఆరుంబావుకి కుళాయి పక్కన మేకుకు అద్దం తగిలించి, గిన్నెలోని గుండ్రటి సబ్బుబిళ్ళ మీద ఆయన బ్రష్షు తిప్పుతుంటే వచ్చే చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. అలారం గడియారం కొనే అవసరం మా ఇంటికి ఎప్పుడూ రాలేదు.

మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. ఉల్లిపాయ వారానికి నాలుగు రోజులే. గుడ్డు మాటెత్తితే అమ్మ చెవులు మూసుకుంటుంది. బిస్కెట్ పొట్లం కొంటే ముందు తిరగేసి పచ్చచుక్క ఉందో లేదో చూసి, ఆ తరువాతే ధర చూస్తుంది. అయనావరంలో ఈ ఫ్లాటుకు మారినప్పుడు పై ఇంటివాళ్ళు చేపలు వండుతారని తెలిసి మూడు నెలలు వంటింటి కిటికీ తెరవలేదు.

పోయిన నెల ఒక ఆదివారం మా అమ్మాయి ఆ బ్రష్షు బయటికి తీసింది. కెమిస్ట్రీ రెండో ఏడు చదువుతోంది, ఇంట్లో ఏ వస్తువునూ ప్రశాంతంగా ఉండనివ్వదు. ఫోను కెమెరాతో దగ్గరగా ఫోటో తీసి పెద్దది చేసి చూపించింది. "చూడు నాన్నా, కొసలు రెండుగా మూడుగా చీలి ఉన్నాయి. ప్లాస్టిక్ అయితే ఇలా ఉండదు. ఇది వెంట్రుకే" అంది. ఎవరి వెంట్రుక అని అడిగే ధైర్యం నాకు లేదు, ఎందుకంటే జవాబు నాకు కొంచెం తెలుసు.

నిర్ధారించుకోవడానికి తేలికైన పద్ధతి ఒకటి ఉంది. స్టవ్ వెలిగించి, పాత పళ్ళ బ్రష్షు నుంచి ఒక పోగు పట్టకారుతో పట్టుకుని మంటకు చూపించింది. అది ముడుచుకుని, కరిగి, చివర చిన్న పూసలా గట్టిపడింది. నైలాన్. తరువాత నాన్నగారి బ్రష్షు నుంచి ఒకటి. అది చిటపటమని చుట్టుకుపోయి, వేలితో నలిపితే పొడి అయిపోయే బూడిద మిగిల్చింది. కంపు మాత్రం ఇల్లంతా వ్యాపించింది.

"ఎవరి జుట్టు కాలుతోందే?" అంది అమ్మ పూజగదిలో నుంచి.

"పందిది బామ్మా" అంది మా అమ్మాయి.

అమ్మ హారతి పళ్ళెంతో గుమ్మంలోనే ఆగిపోయింది. చాలాసేపు బ్రష్షు వైపు చూసింది. "అంటే అన్నేళ్ళూ మీ తాతగారు ఆ ముఖంతోనే సంధ్య వార్చారా?" అంది చివరికి. ఏదో ఒకటి చెప్పి సర్దుదామని నేను నోరు తెరిచేలోపే ఆవిడే తేల్చేసింది. "గడ్డం గీసుకున్నాక తలస్నానం చేసేవారుగా. అసలు గడ్డం గీసుకోవడమే మైల. ఆ మైలతో పాటు ఇదీ పోయి ఉంటుంది. పోనీలే."

హారతి పళ్ళెం లోపలికి వెళ్ళిపోయింది. ఏ కోర్టులోనూ ఇంత త్వరగా కేసు తేలి ఉండదు.

మా అమ్మాయి స్టవ్ దగ్గరే నిలబడి, "మరి పంది?" అంది.

ఇంట్లో ఎవరూ జవాబు చెప్పలేదు. మా ఆవిడ వచ్చి స్టవ్ కట్టేసి, ఇంకోసారి నా వంటింట్లో ఇలాంటివి చేస్తే ఊరుకోను అంది.

ఆ ఒక్క ప్రశ్న పట్టుకునే ఇదంతా రాస్తున్నాను. మా ఇంట్లో ఏ వస్తువు గురించైనా మొదట అడిగేది అది మనల్ని తాకవచ్చా అని. దాన్ని తెచ్చేటప్పుడు ఆ ప్రాణికి ఏమైంది అని అడగడం మాకు అలవాటు లేదు. నిజానికి ఇవి రెండూ ఒకటే ప్రశ్న అనుకుంటూ పెరిగాను. శాకాహారం అంటే రెండింటికీ ఒకేసారి జవాబు చెప్పినట్టే కదా అనుకునేవాణ్ణి. కాదు. పట్టుచీర మడికి పనికొస్తుంది, నూలుచీర తడిపి ఆరేస్తేగానీ పనికిరాదు. ఆ పట్టు కోసం గూళ్ళను పురుగులతో సహా వేడినీళ్ళలో వేస్తారని అమ్మకు బాగా తెలుసు, ఆవిడ కాంచీపురం వెళ్ళి చూసి వచ్చింది కూడా. శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదంటాం, ఆ శంఖం ఒకప్పుడు ఒక ప్రాణికి ఇల్లు. మైలకూ హింసకూ మన దగ్గర వేర్వేరు పద్దులు, ఒకదాని లెక్క మరోదానిలోకి వెళ్ళదు.

రెండో ప్రశ్న అడిగినవాళ్ళు లేకపోలేదు. ఆర్. వెంకట్రామన్ గారు రాష్ట్రపతిగా ఉన్నప్పుడు ఆయన భార్య జానకి గారు పురుగును చంపకుండా నేసిన పట్టుచీర దొరుకుతుందా అని అడిగారట. ఆ మాట పట్టుకుని, చేనేత సహకార సంస్థలో ఉద్యోగి అయిన మన కుసుమ రాజయ్య గారు పట్టుచిమ్మట గూడు చీల్చుకుని బయటికి వచ్చేశాక మిగిలిన గూళ్ళతో దారం తీయించి అహింసా పట్టు నేయించారు. మా అమ్మకు ఒకటి కొనిపెడదామని అడిగాను. "మెరుపు తక్కువగా ఉంటుందిట" అంది. అక్కడితో సరి.

అమ్మ మీద వేసి నేను తప్పించుకోవడం న్యాయం కాదు. నా సొరుగులోనూ ఒక బ్రష్షు ఉంది.

యాభై నిండిన రోజున నాకు నేనే బహుమతిగా కొనుక్కున్నాను, రెండు వేల ఎనిమిది వందల రూపాయలు. డబ్బా మీద 'ప్యూర్ బ్యాడ్జర్' అని రాసి ఉంది. బ్యాడ్జర్ అంటే ఏదో రకం అనుకున్నానే తప్ప ఒక జంతువని నాకు తట్టనే లేదు. ముఖం మీద నలుపూ తెలుపూ చారలతో, నేలలో బొరియలు తవ్వుకుని ఉండే పొట్టి జంతువు. ఈ బ్రష్షుల వ్యాపారానికి వెంట్రుకలు ఎక్కువగా చైనా నుంచి వస్తాయి. గొర్రె ఉన్నిలా కత్తిరించి వదిలేసేది కాదు, చంపి తోలు తీశాకే ఈ వెంట్రుక. అందులో మళ్ళీ తరగతులు: ప్యూర్, బెస్ట్, సూపర్, అన్నింటికీ పైన సిల్వర్‌టిప్. నాది అట్టడుగు తరగతిదన్నమాట. అది తెలిసినప్పుడు మొదట నొచ్చుకున్నది అందుకే అని ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

రెండేళ్ళు హాయిగా వాడాను. వేడినీళ్ళలో ముంచి తీస్తే బరువుగా, మెత్తగా, వానలో తడిసిన పిల్లికూనలా ఉండేది. నురగ మీగడలా వచ్చేది. ఇప్పుడు తలుచుకున్నా బాగుంటుంది, ఆ మాట దాచను.

ఈ వెంట్రుకల చరిత్రలో నన్ను బాగా ఆపిన ఘట్టం మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. అప్పట్లో బ్యాడ్జర్ పేరుతో గుర్రపు వెంట్రుకల బ్రష్షులు అమ్మేవారు. యుద్ధానికి ముందు రష్యా వైపు నుంచి వచ్చే వెంట్రుకలను జర్మనీలో శుద్ధి చేసేవారు. యుద్ధంతో ఆ దారి మూసుకుపోయి, శుద్ధి చేయని సరుకు వేరే దారుల్లో వచ్చింది. వాటితో గడ్డం గీసుకున్న బ్రిటిష్, అమెరికన్ సైనికులకు ముఖం మీద, మెడ మీద నల్లటి పుళ్ళు లేచాయి. ఆంత్రాక్స్, పశువుల నుంచి మనుషులకు అంటుకునే జబ్బు. కొందరు చనిపోయారు కూడా. తోక వెంట్రుకలు కత్తిరిస్తే గుర్రానికి నొప్పి ఉండదు, అన్నింటిలోకీ తక్కువ పాపం అదేననిపిస్తుంది. చివరికి మనుషుల ప్రాణం తీసింది అదే.

నైలాన్ వచ్చింది ఆ తరువాతే. నైలాన్ కుచ్చుతో మొదటి పళ్ళ బ్రష్షు అమెరికాలో అమ్మకానికి వచ్చింది 1938 ఫిబ్రవరిలో, మా నాన్నగారు పుట్టిన ఏడాదే. అంతకుముందు దొరల పళ్ళ బ్రష్షులు కూడా పంది వెంట్రుకలవే. మా తాతగారు గూడూరులో వేపపుల్లతో తోముకునేవారు కాబట్టి ఆ గండం తప్పించుకున్నారు. నాన్నగారి దగ్గరికి వచ్చేసరికి, పంది నోట్లో నుంచి గడ్డం మీదికి దిగిందన్నమాట.

మా వీధి చివర సెలూన్ నడిపే ఆయనది చిత్తూరు వైపు. ముప్పై ఏళ్ళుగా చెన్నైలో ఉన్నా నాతో తెలుగే మాట్లాడతాడు. ఈ సంగతి అడిగితే నవ్వాడు. "పంది కుచ్చు మానేసి పదిహేనేళ్ళు దాటింది సార్. జాలిపడి మానలేదు, ఆరక మానేశాను. ఒకరికి వాడాక ఇంకొకరికి వాడేలోపు తడి ఆరదు, వానాకాలమైతే ముక్కు మూసుకోవాల్సిందే. ఇదైతే రెండుసార్లు విదిలిస్తే చాలు." తన నైలాన్ బ్రష్షు తీసి నా చేతి వెనక తిప్పి చూపించాడు. మెత్తగానే ఉంది. "ఇప్పుడు కుర్రాళ్ళకు ఇదీ అక్కర్లేదు సార్, డబ్బా నొక్కితే నురగ" అన్నాడు కాస్త నిరాశగా.

ఆయన చెప్పిన తడి మాట నిజమే. 2019 జూన్‌లో చెన్నైకి నీళ్ళిచ్చే పూండి, రెడ్‌హిల్స్, చోళవరం, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ అడుగంటి, ట్యాంకరు కోసం బిందెల వరుసలో నిలబడ్డ రోజుల్లో నేను గడ్డం గీసుకోవడానికి ఒక్క మగ్గు నీళ్ళే వాడేవాణ్ణి. వెంట్రుకల బ్రష్షును ముందు నానబెట్టాలి, తరువాత సబ్బు వదిలేదాకా కడగాలి, అందులో సగం మగ్గు దానికే పోయేది. తెలుగు గంగ కాలువలో కృష్ణ నీళ్ళు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూసే ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు.

అయితే బ్రష్షు మారిస్తే చాలదు. అసలు చిక్కు గిన్నెలోని సబ్బులో ఉంది. విదేశీ సబ్బుల వెనక 'సోడియం టాలోయేట్' అని ఉంటే అది పశువుల కొవ్వు. 'సోడియం పామేట్' అంటే పామాయిల్. 'స్టియరిక్ యాసిడ్' అని ఉంటే అది కొవ్వు నుంచి వచ్చిందో నూనె నుంచి వచ్చిందో పేరును బట్టి చెప్పలేం, ఎందుకంటే రెండింటి నుంచి తీసినా అణువు ఒక్కటే. మా అమ్మాయికి ఇది చాలా ఇష్టమైన విషయం. "అణువుకు కులం ఉండదు నాన్నా" అంటుంది. వాళ్ళ బామ్మ వినకుండానే అంటుంది. 2014లో కేంద్రం సబ్బులు, షాంపూల మీద కూడా తిండి వస్తువుల మాదిరి చుక్క పెట్టాలని నిబంధన తెచ్చింది. కొన్నింటి మీద కనిపిస్తుంది, కొన్నింటి మీద కనిపించదు. కుందేలు బొమ్మ ఉంటే చాలనుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ బొమ్మ చెప్పేది జంతువుల మీద పరీక్షించలేదని మాత్రమే. లోపల తేనెమైనం ఉండవచ్చు, గొర్రె ఉన్ని జిడ్డు అయిన లానోలిన్ ఉండవచ్చు, ఎర్రరంగు కోసం నలిపిన కొచినీల్ పురుగులు ఉండవచ్చు.

పోనీ, పశువుల కొవ్వు వద్దని పామాయిల్ సబ్బు కొంటే? ఇండోనేషియా, మలేషియాల్లో ఆ తోటల కోసం నరికిన అడవుల్లో ఉండే ఒరాంగుటాన్‌లు ఎక్కడికి పోవాలి? చుక్క మాత్రం పచ్చగానే ఉంటుంది.

సువాసనల దగ్గర నేను ఇంకా తికమకపడ్డాను. నాన్నగారు శుక్రవారం స్నానం చేసి చెవుల వెనక జవ్వాది రాసుకునేవారు. ప్యారిస్ కార్నర్ దగ్గర నాటుమందుల దుకాణంలో చిటికెన వేలంత సీసా. ఆ వాసన వస్తే నాకు ఇప్పటికీ ఆయన వెనక నిలబడ్డట్టే ఉంటుంది. జవ్వాది అంటే పునుగుపిల్లి తోక దగ్గరి గ్రంథి నుంచి వచ్చే జిగురు. తిరుమలలో శుక్రవారం అభిషేకం తరువాత స్వామికి పునుగు తైలం పూస్తారని మన వాళ్ళందరికీ తెలుసు. బోనులో గంధపు కర్ర పాతితే పిల్లి దానికి ఒళ్ళు రుద్దుకుంటుంది, కర్రకు అంటినదాన్ని గీసి తీస్తారు. ఇథియోపియాలో సుగంధ వ్యాపారానికి పెంచే పిల్లులకు ఆ మర్యాద లేదు. ఇరుకు బోనులో కదలకుండా పట్టి గ్రంథిని నొక్కి తీస్తారు.

కస్తూరి కథ దీనికంటే ఘోరం. ఒక మగ జింక సంచిలో దొరికేది సుమారు 25 గ్రాములు, దానికోసం జింకను చంపుతారు. ఉచ్చుకు మగా ఆడా తేడా తెలియదు కాబట్టి ఆడవీ పిల్లలూ కూడా ఊరికే చస్తాయి. ఈ మారణకాండను తగ్గించినవాడు జంతుప్రేమికుడు కాదు. 1888లో ఆల్బర్ట్ బావర్ అనే రసాయన శాస్త్రవేత్త పేలుడు పదార్థాలతో పనిచేస్తుంటే అనుకోకుండా కస్తూరి వాసన గల పదార్థం తయారైంది. తరువాత 1926లో లియోపోల్డ్ రుజిచ్కా కస్తూరి, జవ్వాదిల్లో వాసననిచ్చే అణువుల అసలు నిర్మాణం కనిపెట్టాడు, 1939లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ తరువాత జింకను ముట్టుకోకుండా కస్తూరి వాసన సబ్బుల్లోకి, పౌడర్లలోకి వచ్చేసింది. నేను చప్పట్లు కొట్టబోయేంతలో మా అమ్మాయి మిగతా సగం చెప్పింది. బావర్ జాతి కస్తూరులలో కొన్నింటిని విషమని ఐరోపా నిషేధించింది. ఇప్పుడు ఎక్కువగా వాడే కొన్ని కృత్రిమ కస్తూరులు నీళ్ళలో త్వరగా నశించవు, చేపల కొవ్వులో చేరుతున్నాయి. జింక బతికింది, చేపకు చుట్టుకుంది. మా నైలాన్ బ్రష్షు రాల్చే పోగులు కూడా ఓట్టేరి నాలాలో పడి, బకింగ్‌హాం కాలువ మీదుగా ఆ చేపల దగ్గరికే చేరతాయి.

తిమింగలం వాంతి అంటారే, దాని సంగతి విడ్డూరం. తమిళనాడు తీరంలో దాన్ని పట్టుకున్నారన్న వార్త అప్పుడప్పుడూ పేపర్లో వస్తుంది. అత్తర్లలో వాడే అంబర్‌గ్రిస్ అదే. తిమింగలం దానంతట అది వదిలేస్తే, అలలు ఒడ్డుకు కొట్టుకొస్తే, దొరికినవాడు అమ్మాడనుకోండి, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా మన వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. ఒడ్డున దొరికినదాన్ని అమ్మనిస్తే, సముద్రంలోకి వెళ్ళి పొట్ట కోసి తెచ్చి ఒడ్డున దొరికిందని చెప్పేవాడు తయారవుతాడు. మొదట ఈ చట్టం మూర్ఖంగా కనిపించింది, ఇప్పుడు కనిపించడం లేదు.

ఈ ఆలోచన పంది దగ్గరికీ వస్తుంది. "పంది ఎలాగూ మాంసం కోసం చస్తుంది, వెంట్రుకలు పారేసే బదులు వాడితే తప్పేమిటి?" అని ఆఫీసులో ఒకాయన వాదించాడు. గట్టి వాదనే. కానీ పందిని అమ్మేవాడికి మాంసం మీద వచ్చే డబ్బూ, తోలు మీద వచ్చేదీ, వెంట్రుక మీద వచ్చేదీ ఒకే సంచిలో పడతాయి. తిలాపాపం తలా పిడికెడు అన్నారు, నాకు దక్కింది వెంట్రుకంత పిడికెడు. ఇది చెబుతూ నేను తోలు చెప్పులు వేసుకుని ఉన్నానని ఆయన గుర్తుచేశాడు. నిజమే. పెరియమేట్ తోళ్ళ దుకాణాల మీదుగా రోజూ బస్సులో వెళతాను, ఆ వాసనకు ముక్కు మూసుకుని, కాళ్ళకు మాత్రం అదే తోలు. ఈసారి అరిగాక రెగ్జిన్ కొంటానని చెప్పాను. రెగ్జిన్ చెన్నై ఎండకు ఎన్ని నెలలు ఆగుతుందో కూడా మా ఇద్దరికీ తెలుసు, ఆయన నవ్వి ఊరుకున్నాడు.

నాకంటూ ఒక లెక్క తేలింది. ఒక జంతువును దాని వెంట్రుక కోసమో గ్రంథి కోసమో చంపి తెచ్చినది ఇక కొనను. ఉన్నిజిడ్డు, తేనెమైనం లాంటివి నన్ను రాత్రుళ్ళు మేలుకొలపవు. నైలాన్ నిర్దోషి అని నమ్మను, కానీ దాని నేరం ఇంకా తగ్గించుకోదగ్గది అనిపిస్తుంది. ఒక బ్రష్షును పదేళ్ళు వాడితే కాలువలో పడే పోగులు తక్కువ. ఇప్పటికే ఇంట్లో ఉన్నది పారేస్తే చచ్చిన పంది లేచి రాదు కాబట్టి నాన్నగారి బ్రష్షు గిన్నెలోనే ఉంటుంది. నాలుగు వందల యాభై పెట్టి నైలాన్ జాతి బ్రష్షు కొన్నాను. మొదటి వారం నురగలో ఏదో తక్కువైందనిపించింది. రెండో వారానికి మరిచిపోయాను. రెండు వేల మూడు వందల యాభై రూపాయల తేడా పదిహేను రోజుల్లో మరుపుకొచ్చింది.

మిగిలింది ఆ బ్యాడ్జర్ బ్రష్షు. వాడబుద్ధి కాదు, పారేయబుద్ధి కాదు. కడిగి, ఆరబెట్టి, డబ్బాలో పెట్టి హాల్లో బల్ల మీద వదిలేశాను. మొన్న గురువారం అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అరచేతి మీద తిప్పి చూసుకుంటోంది.

"ఎంత మెత్తగా ఉందిరా! వాడటం లేదుగా? దేవుడి పటాల మూలల్లో దుమ్ము తుడవడానికి ఇలాంటిదే వెతుకుతున్నాను" అంది. వెంటనే అనుమానం వచ్చి ఆగింది. "ఇదీ పందిదేనా?"

మా అమ్మాయి పుస్తకంలో నుంచి తల పైకెత్తి నా వైపు చూసింది.

"కాదమ్మా" అన్నాను.

అది ఇప్పుడు పూజగదిలో, కర్పూరం డబ్బా పక్కన ఉంది.